తప్పు పట్టినవారికి పొట్టేలు

బురుల్‌కి లెక్కల రుచి మొదట చూపించింది బడి కాదు, వాళ్లమ్మ. ఆవిడకి సంతకం పెట్టడం కూడా రాదు. కానీ తొగుజ్ కోర్గోల్ ఆటలో అట్-బాషీ లోయ మొత్తం మీద ఆవిడకి ఎదురు లేదు. అది వామనగుంటల్లాంటి ఆటే. చెక్కపలక మీద రెండు వరసల గుంటలు, గుంటకి తొమ్మిదేసి గింజలు. ఒక గుంటలోవి తీసి పంచుకుంటూ పోవాలి. చివరి గింజ పడి ఎదుటివాడి గుంటలో సరిసంఖ్య అయితే ఆ గుంట మనది. వేసవిలో గొర్రెల్ని పైకొండలకు తోలుకెళ్లినప్పుడు మగవాళ్లు పనిగట్టుకుని గుర్రాలేసుకుని వచ్చి, ఆవిడ చేతిలో ఓడిపోయి, ఇంత మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకుంటూ వెళ్లిపోయేవారు.

"నీకెలా తెలుస్తుందమ్మా ఏ గుంట తియ్యాలో?" అని అడిగేదట బురుల్.

"చూస్తే తెలుస్తుంది కదే!"

ఆ జవాబు బురుల్‌కి ఎప్పుడూ నచ్చలేదు. చూస్తే అమ్మకి తెలుస్తోంది, మరి తనకెందుకు తెలియట్లేదు? ఆ వేసవంతా ఎండిన గొర్రె పెంటికలు ఏరుకుని, నేలలో గుంటలు తీసి, ఎన్ని గింజలు తీస్తే చివరిది ఎక్కడ పడుతుందో తనంతట తానే కనిపెట్టే పనిలో పడింది. శీతాకాలం వచ్చేనాటికి అమ్మ పెట్టబోయే ఎత్తు ముందే చెప్పేస్తుంటే, ఆవిడ పలక మూసేసి "పో, పొయ్యిలో పిడకలు వెయ్యి" అని కసురుకునేదట. లెక్కల్లోకి తను ఆ దారినే వచ్చానని బురుల్ చాలాసార్లు చెప్పింది.

గొర్రెల కాపరుల పిల్లలు ఉండి చదువుకునే వసతిబడిలో చేరింది. తర్వాత ఇప్పుడు బిష్కెక్ అంటున్న ఫ్రూంజె నగరంలో ఉపాధ్యాయ విద్య. అప్పట్లో చదువు ముగించినవాళ్లకి ఉద్యోగం ఎక్కడో సర్కారే చెప్పేది. ఈమెకి మా ఊరు కారా-సువాత్ పడింది. తన లోయే కనుక సంతోషంగా వచ్చింది. ట్రాక్టరు నడిపే ఒముర్జాక్‌ని చేసుకుంది. అతనిది నోరుజోరు. "మా ఆవిడ ఆవు పాలు పితుకుతూ కూడా పొదుగుని తోకతో భాగిస్తుంది" అని కొట్టు దగ్గర నలుగురినీ నవ్వించేవాడు. ఇంట్లో మాత్రం ఆవిడ బడికి ఆలస్యమవుతుందంటే ఆ ఆవు పాలు తనే పితికేవాడు.

నేను అదే బళ్లో వ్యాయామ పంతుల్ని. నా పేరు రిస్బెక్. పిల్లలకి కుస్తీ నేర్పేవాణ్ని. వయసులో చిన్నవాణ్ని కాబట్టి ఆమెని అక్కా అనేవాణ్ని.

తర్వాత కాలం మారింది. పాత పెద్ద దేశం ముక్కలైపోయింది. ఉమ్మడి మందని ఊరంతా పంచుకున్నారు. మాకు జీతాలు ఒక నెల పిండి రూపంలో, ఒక నెల నూనె రూపంలో వచ్చేవి, ఒక్కోసారి ఏ రూపంలోనూ వచ్చేవి కావు. ఫిజిక్సు పంతులు బిష్కెక్ బజారుకి వెళ్లి చైనా చెప్పులు అమ్ముకున్నాడు. కెమిస్ట్రీ ఆవిడ కూతురింటికి వెళ్లిపోయింది. ప్రయోగశాల తలుపుకి తాళం పడింది. ఆ తాళం తుప్పు కూడా పట్టింది. బురుల్ మాత్రం లెక్కలతో పాటు ఫిజిక్సు కూడా నెత్తినేసుకుని ఉండిపోయింది. ఎందుకు పోలేదంటే, "నేను చెప్పులు అమ్మితే బేరం కుదరదు రిస్బెక్. ఎదుటివాడు కూడికలో తప్పు చేస్తే దిద్ది, నాకే నష్టం తెచ్చుకుంటా" అనేది.

వినడానికి మాత్రం పిల్లలు ఏరీ? పై చదువులకి వెళ్లే నలుగురైదుగురూ లెక్కలు లేని చదువు ఏదో వెతుక్కునేవారు. "కొట్లో క్యాలిక్యులేటర్ ఉంది కదా టీచర్" అని మొహం మీదే అనేవారు.

ఇలా ఉండగా ఒక జనవరిలో ఊరి కరెంటు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. చలి ఉమ్మితే గడ్డకట్టేంత. నరీన్ పట్నం నుంచి మనిషి రావాలి. కనుమదారి మంచుతో మూసుకుపోయింది. దారి తెరిచేదాకా ఊరంతా చీకట్లో, పొయ్యిల చుట్టూ కూర్చుంది. చివరికి వచ్చినవాడు పాతికేళ్లు కూడా లేని కుర్ర ఇంజనీరు. కాగితం మీద ఏవో గీతలు చూసుకున్నాడు, లోపల ఏవో మార్చాడు, దీపాలు వెలిగాయి. పెద్దవాళ్లు పోసిన వోడ్కా కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు ఉపాధ్యాయుల గదిలో బురుల్ నన్ను అడిగింది.

"రిస్బెక్, మనూళ్లో కుస్తీవాళ్లు ఎంతమందయ్యా?"

"ఇంటికొకడు అక్కా. మా ఇంట్లో ఇద్దరు, మా ఆవిడతో కలిపి."

"ఆ కరెంటు పెట్టె దగ్గర నిలబడి, లోపల ఏం పాడైందో చెప్పగలిగేవాడు?"

నేను తల గోక్కున్నాను.

"ఒక్కడూ లేడు. ఊరంతా కండలే. చలికి వణకడానికి పనికొచ్చాయి" అంది. "ఈసారి నూరూజ్ పండక్కి నీ కుస్తీ మొదలయ్యే ముందు ఆ మైదానం నాకివ్వు."

"దేనికక్కా?"

"లెక్కలు చేయిద్దామని."

గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "పండగపూట పరీక్ష పెడతానంటే జనం మళ్లీ కొండలెక్కిపోతారు."

"పరీక్షని ఎవరన్నారు? పండగే. కుస్తీకి పండగుంది, గుర్రాలకి పండగుంది. చచ్చిన మేక కోసం మగాళ్లంతా గుర్రాలెక్కి కొట్టుకుంటారు, దానికీ పండగే. లెక్కలేం పాపం చేశాయి?"

హెడ్మాస్టరు జపార్ గారు పండితుడే కానీ భయస్థుడు. జిల్లా వాళ్లేమంటారోనని కాసేపు నీళ్లు నమిలి, చివరికి "కుస్తీకి ఆలస్యం కాకూడదు" అని ఒప్పుకున్నాడు.

మార్చి నెలలో ఆ కొత్తేడు పండగ రోజు ఎండ కాసింది. మంచు కరిగి మైదానం అంచులు బురదగా ఉన్నా మధ్యలో గట్టిగానే ఉంది. చుట్టూ జనం, గుర్రాల మీద కొందరు, పెద్ద బాణళ్లలో బూరెల్లాంటి బోర్సోక్‌లు వేగుతున్న వాసన. మధ్యలో బురుల్ ఒక మేకు కొట్టింది, దానికి తాడు కట్టింది, తాడు చివర చిల్లు పెట్టిన డబ్బాలో పొయ్యి బూడిద. తాడు బిగబట్టి చుట్టూ తిరిగింది. నేల మీద గుండ్రంగా ఒక గీత. కొంత పక్కన ఇంకో మేకు కొట్టి, తాడు పొడవు రెట్టింపు చేసి మళ్లీ తిరిగింది. ఇంకో వృత్తం.

"ఇది చిన్న గుడారం, అది దానికి రెట్టింపు వెడల్పున్న పెద్ద గుడారం" అని గొంతెత్తి చెప్పింది. "చిన్నదాన్నిండా పిల్లల్ని కూర్చోబెడతా. పెద్దదాంట్లో ఎన్ని రెట్లు పడతారు?"

"రెట్టింపు!" అని జనం ఒక్క గొంతుతో అరిచారు. అడగడానికేముంది అన్నట్టు కొందరు నవ్వారు కూడా.

పిల్లల్ని మోకాళ్లకి మోకాళ్లు తగిలేలా చిన్న వృత్తం నిండా కుదేసింది. తర్వాత వాళ్లందరినీ లేపి పెద్దదాంట్లోకి పంపింది. ఒక పక్కకి సర్దుకున్నారు. ఇంకా బోలెడు ఖాళీ. మళ్లీ అంతమందిని పిలిచింది. ఖాళీ. జనంలో గొణుగుడు మొదలైంది. ఇంకో విడత. అప్పటికీ ఖాళీయే. "రండ్రా, రండి" అని గుర్రాల మీద వాళ్లు కూడా తమ పిల్లల్ని దింపి తోలుతున్నారు. నాలుగో విడత కూర్చుంటే అప్పుడు నిండింది.

జనం ఈలలు వేశారు. ఎవరో బోర్సోక్‌లు విసిరారు. కుస్తీలో ఎవరినైనా ఎత్తి పడేస్తే వచ్చే అరుపు లాంటిది లేచింది. బురుల్ మొహం వెలిగిపోయింది. ఆ ఊపులోనే ఇంకో మాట అంది.

"చూశారుగా! అందుకే రెట్టింపు వెడల్పున్న గుడారం కట్టాలంటే, పైన కప్పడానికి ఉన్నిపట్టాలు కూడా నాలుగింతలు కావాలి! ఎవరికైనా అనుమానం ఉందా?"

అనుమానం ఎవరికుంటుంది? కళ్లారా చూశారు. అప్పుడు పెద్ద వృత్తంలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది. ఎనిమిదో తరగతి కుందుజ్. అమ్మానాన్నలు రష్యాలో పనిచేస్తుంటే తాత కసిమాలి దగ్గర పెరుగుతోంది. నోట్లో నాలుక లేని పిల్లని అందరూ అనేవారు.

"టీచర్, నేలకైతే నాలుగింతలే" అంది. "పైకప్పుకి కూడా. కానీ గోడకి కాదు టీచర్."

"గోడకేమైంది?"

"మా తాత గుడారానికి గోడ ఆరు తడకలు. రెట్టింపు వెడల్పుది కట్టాలంటే పన్నెండు తడకలు పెడతారు. అంతేగా? తడక ఎత్తు మారదు. అప్పుడు గోడకి ఉన్ని రెట్టింపే సరిపోతుంది. మొత్తం మీద నాలుగింతలు పట్టదు."

కొందరు వేళ్లు మడిచి లెక్క చూసుకున్నారు. తర్వాత పెద్దవాళ్లలో ఒకాయన "ఔనురోయ్! తడక ఎత్తెందుకు పెరుగుద్ది? గుర్రమెక్కి లోపలికెళ్తావా?" అన్నాడు. అంతే, మైదానమంతా నవ్వు.

నేను బురుల్ పక్కనే ఉన్నాను. ఆమె మెడ దగ్గర్నుంచి చెవులదాకా ఎర్రబడింది. జపార్ గారు వెనకనుంచి వంగి గుసగుసగా అన్నాడు: "ఎత్తు కూడా రెట్టింపు అనుకున్నానని చెప్పెయ్యండి. అప్పుడు నాలుగింతలే కదా. అయిపోతుంది."

నిజంగానే అది సరిపోయేది. ఎత్తు కూడా రెట్టింపైతే గోడకీ నాలుగింతలే. ఎవరూ కాదనేవారు కాదు. బురుల్ తల అడ్డంగా ఊపింది.

"ప్రశ్నలో ఆ మాట లేదండీ" అంది అతనితో. తర్వాత జనం వైపు తిరిగి, "కుందుజ్ చెప్పిందే రైటు. నేను తప్పు చెప్పాను" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా దగ్గర అది మామూలు విషయం కాదు. పిల్ల నిలబడి పెద్దమనిషి మాట కాదనడం ఒక తప్పు. పెద్దమనిషి ఊరందరి ముందు ఓడిపోయానని చెప్పుకోవడం ఇంకో తప్పు. కసిమాలి తాత గుంపులోంచి చరచరా వచ్చి, మనవరాలి రెక్క పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా తీసుకుపోయాడు. నేను ఈల వేసి కుస్తీ మొదలుపెట్టాను. ఇంకేం చేస్తాను?

బురుల్ కుస్తీ చూడటానికి ఉండలేదు. ఇంటికెళ్లి పశువుల కొట్టం అంతా కడిగిందని ఒముర్జాక్ చెప్పాడు. "కడిగినచోటే మళ్లీ కడుగుతోంది. ఆవుకి భయమేసింది" అన్నాడు. ఈసారి నవ్వించడానికి అనలేదు.

తర్వాత రోజుల్లో కొట్టు దగ్గర మాటలు మామూలే. "టీచరుకే రానిది పిల్లలకేం వస్తుంది?" "లెక్కల పండగట, లెక్క తప్పిన పండగ." ఆమె వింది. సామాను తీసుకుని వెళ్లిపోయేది. నాతో మాత్రం ఒకసారి అంది.

"ఒళ్లంతా మండిపోయిందయ్యా ఆ రోజు. కాదనను. కానీ ఆ పిల్లని చూశావా? నేను చెప్పానని నమ్మలేదు. కూర్చున్నచోటే ఆలోచించుకుంది. ఇన్నేళ్లుగా ఈ పిల్లల్ని నేను అడుగుతున్నది అదేగా? ఒక్కరు ఆ పని చేసేసరికి నాకు మొహం చెల్లట్లేదు. నాదేం తీరు?"

కుందుజ్ బడికి రావడం మానేసింది. తాత పంపట్లేదని తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం బురుల్ మా ఇంటికొచ్చి "పద, కసిమాలి గారింటికి" అంది. ఆయన నాకు మేనమామ వరస. ఒంటరిగా ఆడమనిషి వెళ్లి పెద్దాయనతో వాదిస్తే బాగుండదు, అందుకని నేను.

మేం వెళ్లేసరికి ఆయన వాకిట్లోనే ఉన్నాడు. బురుల్‌ని చూడగానే టోపీ సర్దుకుని, "నేనే రావాలనుకున్నా టీచరమ్మా, కాళ్లు రాలేదు" అన్నాడు. గొర్రెపిల్లని కోయించాడు. మేం వద్దన్నా వినలేదు. మాంసం ఉడికేదాకా టీ తాగుతూ గొర్రెల ధరల గురించీ, గడ్డి గురించీ మాట్లాడుకున్నాం. తలుపు దగ్గర చేతులు కడగడానికి చెంబూ పళ్లెం పట్టుకుని కుందుజ్ నిలబడింది. నేలచూపులు తప్ప తలెత్తలేదు.

చివరికి ఆయనే మొదలెట్టాడు. "మా పిల్ల చేసిన తప్పుకి నన్ను క్షమించాలి."

"మీ పిల్ల తప్పు చేయలేదు తాతా. తప్పు చెప్పింది నేను."

"అది లెక్కలో తప్పు. ఇది మర్యాదలో తప్పు. రెండూ ఒకటెలా అవుతాయి?"

బురుల్ టీ గిన్నె కింద పెట్టింది. "ఒకటి కావు. కానీ అనుమానం ఉందా అని నేనే అడిగాను కదా? అడిగితే చెప్పింది. అది అమర్యాదా?"

"పెద్దవాళ్లు అనుమానముందా అని అడిగితే లేదనాలి. అదీ మర్యాదంటే."

నాకు నవ్వొచ్చింది. మావయ్య నావైపు కళ్లెర్రజేశాడు.

"రిస్బెక్, నీ దగ్గర కుస్తీ నేర్చుకుని నిన్నే పడగొట్టినవాళ్లు ఉన్నారా?" అని బురుల్ నన్నడిగింది.

"ఉన్నారక్కా. ముగ్గురు నలుగురు. ఒకడైతే నడుం పట్టేలా పడేశాడు."

"వాళ్ల తాతలు వచ్చి నీకు క్షమాపణ చెప్పుకున్నారా?"

"క్షమాపణా? ఊరంతా చెప్పుకుని మురిసిపోయారు. నేనూ మురిశాను. నా చేతికింద తయారైనవాడు కదా."

"అదే తాతా నేను చెప్పొచ్చేది" అంది బురుల్. "మైదానంలోకి దిగాక నేను పెద్దా, అది చిన్నా ఉండదు. నా వీపు నేలకి తాకింది. అంతే. నా చేతికింద తయారైన పిల్ల తాకించింది. మీరు దాన్ని ఇంట్లో కూర్చోబెడితే నా పని మీరు పాడుచేస్తున్నట్టు."

అప్పుడే మాంసం వచ్చింది. మా దగ్గర ఏ ఎముక ఎవరి ముందు పెట్టాలో దానికో వరస ఉంది. తుంటి ఎముక ఆ పూట పెద్దరికం ఉన్న ఆడమనిషికి. మావయ్య దాన్ని ఒక పళ్లెంలో పెట్టి, రెండు చేతులతో బురుల్ ముందు ఉంచాడు. ఆమె "అమీన్" అని కళ్లకద్దుకుని, ఆ పళ్లెం తీసుకెళ్లి తలుపు దగ్గర నిలబడ్డ కుందుజ్ ముందు పెట్టింది.

ఇంట్లో అందరూ కొయ్యబారిపోయారు. కుందుజ్ భయంతో చెంబు గుండెలకి హత్తుకుంది.

"అది పిల్లలకి పెట్టేది కాదు" అన్నాడు మావయ్య మెల్లగా.

"నాకు పెట్టారు. నాదైంది. నాది గెలిచినవాళ్లకిస్తున్నా."

మావయ్య చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఆయన కోపగించుకుని లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను నేను. ఆయన మనవరాలి వైపు తిరిగాడు.

"ఇలా రావే. పన్నెండు తడకలదానికి మొత్తం ఎంత పడుతుందన్నావు?"

కుందుజ్ చెంబు దించకుండానే చెప్పింది. గోడకి రెట్టింపు, కప్పుకి నాలుగింతలు.

"కప్పుకి నాలుగింతలెందుకే? కప్పు కర్రలు రెట్టింపు పొడవే కదా?"

"పొడవూ రెట్టింపే తాతా, చుట్టుకొలత కూడా రెట్టింపే. రెండూ పెరుగుతాయి. గోడకి చుట్టుకొలత ఒక్కటే పెరుగుతుంది."

ఆయన గాల్లో చేతులతో గుడారం కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు. "ఊఁ" అన్నాడు. తర్వాత నడుముకున్న కత్తి తీసి, తుంటి ఎముక మీదనుంచి మంచి ముక్క కోసి మనవరాలి చేతిలో పెట్టాడు.

"తిను. చేతులు కడుక్కున్నావా?"

"లేదు తాతా."

"కడుక్కురా మరి. లెక్కలొస్తే సరిపోదు."

మర్నాడు కుందుజ్ బడికి వచ్చింది.

మరుసటి ఏటి పండక్కి బురుల్ చలికాలం మొదట్లోనే మళ్లీ మైదానం అడిగింది. జపార్ గారు రెండు చేతులూ జోడించాడు. "ఒకసారి నవ్వులపాలయ్యాం, చాలదా టీచర్?"

"ఈసారి నవ్వడానికే ఇంకా ఎక్కువమంది వస్తారు. రానివ్వండి. వచ్చాకే కదా వినేది."

ఆమెకి సాయం అనుకోని వైపు నుంచి వచ్చింది. శుక్రవారం మసీదు నుంచి బయటకొస్తూ కసిమాలి తాత నలుగురిలో చెప్పాడు: "నా మందలోంచి ఒక పొట్టేలు. టీచరమ్మ చెప్పే లెక్కలో తప్పు పట్టినవాళ్లకి. ఊరికే తప్పంటే కుదరదు, ఎందుకు తప్పో చెప్పాలి."

కుస్తీలో గెలిచినవాడికి పొట్టేలిస్తారు, అది ఊరికి తెలుసు. లెక్కకి పొట్టేలు అనేసరికి ఊరి చెవులు నిక్కపొడుచుకున్నాయి. చలికాలమంతా ఇళ్లలో ఒకటే ముచ్చట. ఎన్నడూ పుస్తకం ముట్టనివాళ్లు పిల్లల లెక్కల పుస్తకాలు తిరగేశారు. మాంసం కొట్టు నడిపే ఒకాయన భిన్నాలు మర్చిపోయానని కూతుర్ని బతిమాలి చెప్పించుకున్నాడు. ఒముర్జాక్ కూడా బరిలోకి దిగుతానన్నాడు.

"మొగుడు పనికిరాడు" అంది బురుల్.

"ఎందుకట? ఇంట్లో రోజూ పడుతున్నానుగా నీ తప్పులు!"

"అందుకే. అక్కడ కారణం చెప్పాలి."

ఆ పండక్కి మైదానంలో జనం పట్టలేదు. ఆ ఏడు ఆమె తూములోంచి నీళ్లు పొలానికి పారే లెక్క చెప్పింది. మాంసం కొట్టాయన లేచి తప్పన్నాడు. బురుల్ ఆయన్ని మైదానంలో నిలబెట్టిన నల్లబల్ల దగ్గరకి పిలిచి సుద్ద ఇచ్చింది. ఇద్దరూ వాదించుకున్నారు. ఆయనే పొరబడ్డాడని తేలింది. అయినా ఆయన సిగ్గుపడలేదు. "వచ్చే ఏడు చూసుకుంటా" అని సుద్ద చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ జనంలోకి వెళ్లాడు. జనం ఆయనకీ ఈలలు వేశారు. పొట్టేలు మందలోకి తిరిగి వెళ్లింది.

అలా ఏటేటా సాగింది. కొన్నేళ్లు పొట్టేలు పోయింది, కొన్నేళ్లు మిగిలింది. జనాన్ని రప్పించడానికి ఆమె కావాలనే తప్పు చేస్తుందని కొందరు అనేవారు. నేనే ఒకసారి అడిగాను. "తప్పు చేయడానికి నటించాలా రిస్బెక్? బతికుంటే చాలు" అంది. ప్రయోగశాల తాళం సుత్తితో పగలగొట్టించింది. లోపల ఎలకలు కొట్టినవి పోగా మిగిలిన తీగలూ అద్దాలూ బయటికి తీసి పైతరగతి పిల్లలతో తుడిపించింది.

లెక్కలు మా ఊరి రాత మార్చేశాయని నేను చెప్పను. ఆమె దగ్గర బాగా చదివినవాళ్లలో కొందరు మాస్కోలో మంచు ఊడుస్తున్నారు. ఒకడు తాగుడుకి పోయాడు. కానీ ఇప్పుడు మా లోయ సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఇంజనీరు మా ఊరివాడే. ఇద్దరు ఆడపిల్లలు బిష్కెక్‌లో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తారు. కుందుజ్ ఇంజనీరింగు చదివి, కొండల మీద మంచుపలకలు ఏటా ఎంత కరుగుతున్నాయో కొలిచే పనిలో ఉంది. ప్రతి వేసవిలో పరికరాలు వేసుకున్న జీపులో మా ఊరి మీదుగా పైకి వెళ్తూ ఆగుతుంది. తాత పోయాడు. తాత గుడారం ఇప్పటికీ ఆ పిల్లే ఎండకి ఆరబెట్టి మడత పెడుతుంది. ఒకసారి జీపు దిగీదిగగానే "మన నది నీళ్లలో ఎంత భాగం ఆ మంచుదో తెలుసా రిస్బెక్ మావా?" అని అరగంటసేపు చెప్పింది. నాకు సగం అర్థమైంది. ఆ సగానికే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బురుల్ పదవీ విరమణ చేసింది. ఆమె చోటికి సాల్తనాత్ అని నరీన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. బయటి ఊరి నుంచి మా బడికి లెక్కల టీచరు రావడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే మొదలు. పండగ లెక్క ఇప్పుడు ఆ అమ్మాయే చెబుతోంది. మొదటి ఏడే పొట్టేలు పోగొట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ బురుల్ దగ్గరకి వచ్చిందట. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు ఆ అమ్మాయి బడికి టైముకే వచ్చింది.

మూడేళ్ల కిందట బురుల్‌కి కళ్లు దాదాపు పోయాయి. పట్నం డాక్టర్లు చేయగలిగింది చేశారు. వెలుగు, నీడ తెలుస్తాయి, అక్షరం తెలియదు. పుస్తకం చదవలేకపోవడం ఆమెని బాగా కుంగదీసింది. కొన్నాళ్లు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒముర్జాక్ జోకులకి కూడా పలికేది కాదు. అప్పుడు సాల్తనాత్ ఒక పని మొదలుపెట్టింది. సాయంత్రం బడి అయ్యాక వచ్చి ఒక లెక్క గట్టిగా చదువుతుంది. బురుల్ కళ్లు మూసుకుని, వేళ్లతో మోకాలి మీద ఏదో గీసుకుంటూ చేస్తుంది. కొన్ని అప్పటికప్పుడే, కొన్ని మర్నాటికి.

పోయిన శీతాకాలం ఒక సాయంత్రం నేను చూడటానికి వెళ్లాను. సాల్తనాత్ ఏదో ఒలింపియాడ్ లెక్క చదువుతోంది. బురుల్ ఒకచోట ఆపి, మళ్లీ చదవమంది. మళ్లీ విని ఊఁకొట్టింది. పొయ్యిలో బొగ్గు చిటపటలాడుతోంది. ఒముర్జాక్ నాకు టీ పోసి, మాట్లాడొద్దని సైగ చేశాడు. నేను పంచదార కలుపుకుంటున్నాను.

"రిస్బెక్" అంది ఆమె కళ్లు తెరవకుండానే, "ఆ చెంచా చప్పుడు ఆపు నాయనా. లెక్క మధ్యలో ఉన్నాను."

నేను చెంచా పక్కన పెట్టేశాను.